పొగలో దారి చెప్పే గొంతు

ప్రియమైన మైకమ్మకి,

ఫోన్లో మాట్లాడుకుంటే మూడో మాటకే పోట్లాటలోకి దిగుతున్నాం, ఉత్తరాలే నయం అన్నావు. ఇక్కడ ఎలాగూ పగలంతా ఫోన్లు గేటు దగ్గర అప్పజెప్పాలి. కాబట్టి నా కోడిగీతలు భరించు.

బక్కోడూ నేనూ క్షేమంగా చేరాం. ఒకే గది ఇచ్చారు. ఈ శిక్షణకి మన ఫైర్ స్టేషన్ నుంచి మా ఇద్దర్నే ఎంపిక చేశారని అమ్మతో గొప్పగా చెప్పు.

ఇక్కడ మైదానం మధ్యలో మూడంతస్తుల ఇల్లొకటి కట్టారు. కాపురానికి కాదు, తగలబెట్టడానికి. గదుల్లో పొగ నింపి మమ్మల్ని లోపలికి తోస్తారు. మొహం ముందు చెయ్యి పెట్టుకుంటే చెయ్యి కనపడదు. మాకు మంటంటే ఉన్న భయం కన్నా పొగలో దారి తప్పుతామనే భయమే ఎక్కువని నీకు తెలుసుగా. తలుపు పక్కనే ఉంటుంది, అది తెలియక గోడల చుట్టూ తిరుగుతాం. దానికే ఇప్పుడో మందు కనిపెట్టారు.

పైకప్పుకి సబ్బుపెట్టెలంత పెట్టెలు అతికించారు. మా భుజానికి ఒక బిళ్ళ కడతారు. ఆ బిళ్ళ ఒకేసారి రెండు పనులు చేస్తుంది. రేడియోలో ఒక సంకేతం పంపుతుంది, 'కిచ్' మని ఒక చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు మన చెవికి అందదు. మైదానంలో తిరిగే కుక్కకి మాత్రం అందుతుందనుకుంటా, బిళ్ళలు ఆన్ చేయగానే తోక ముడిచి పారిపోతుంది. మెరుపు ముందొచ్చి ఉరుము తర్వాత వస్తుంది చూడు, అదే లెక్క. సంకేతం వెంటనే అందుతుంది, చప్పుడు కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యాన్ని బట్టి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో పెట్టెకి తెలుస్తుంది. మూడు పెట్టెలు కలిసి చెప్తే మనిషి ఎక్కడున్నాడో తేలిపోతుంది. పెట్టెలన్నీ ఒకదాని చెవిలో ఒకటి చెప్పుకుంటూ ఆ కబురు బయట బండిదాకా చేరవేస్తాయి. బండిలో తెర మీద మేము చుక్కలం.

ఆ తెర ముందు ఒకావిడ కూర్చుంటుంది. ఈ పద్ధతి తయారుచేసిన ఇంజనీరు ఆవిడే. చుక్కల్ని చూస్తూ మా చెవిలో దారి చెప్తుంది. ఏం గొంతనుకున్నావు! కంగారుండదు, విసుగుండదు. "ఇంకో రెండడుగులు. ఆగండి. ఇప్పుడు ఎడమకి. చెయ్యి చాపండి, తలుపు తగులుతుంది." నిజంగానే తగులుతుంది! అందరికన్నా ముందు నేనే బయటపడుతున్నాను. నిన్న నలుగురిలో నన్ను చూపించి, "ఈయనలా వినడం నేర్చుకోండి" అంది.

అమ్మకి మోకాలి మందు గుర్తుచెయ్యి. జాబు రాయి.

నీ మసిబాబు

*

ప్రియమైన మసిబాబుగారికి,

ఉత్తరం అందింది. మెరుపూ ఉరుమూ బాగా అర్థమయ్యాయి. ఆవిడ గొంతు ఇంకా బాగా అర్థమైంది.

వినడంలో మీరు అందరికీ ఆదర్శమా? ఆ ముక్క చదివి నేను నవ్విన నవ్వుకి అత్తయ్య మోకాలినొప్పి మరిచిపోయి పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. విషయం చెప్తే ఆవిడా నవ్వింది. "మగాడు వినకపోవడం జబ్బు కాదమ్మా, అలవాటు. జీతం ఇస్తే వింటారు కాబోలు" అంది.

నేను బస్టాండులో రోజంతా మైకు ముందు కూర్చుని ఊరందరికీ దారి చెప్తాను. ఏ బస్సు ఎక్కడాగుతుందో చెప్తే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా అటు నడుస్తారు. ఇంటికొచ్చి "తువ్వాలు తలుపు వెనకుంది" అంటే మీరు వంటింట్లో వెతుకుతారు. నిరుడు చలికాలం నుంచి మరీ ముదిరింది. పిలిస్తే పలకరు. పలికితే వెనకే ఉన్న నన్ను వదిలేసి వరండాలోకి వెళ్ళి "ఏంటి?" అంటారు. నేనంటే మీకు విసుగొచ్చిందని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు చూస్తే చెవులు బాగానే ఉన్నాయి, గొంతు మారాలంతే.

ఆవిడకి పేరుందా? లేకపోతే నేనే పెడుతున్నాను. దారమ్మ.

ఇంకోటి. బక్కోడు ఆదివారం అత్తయ్యకి ఫోన్ చేశాడు. "అన్నకి ఇక్కడేం లోటు లేదు పెద్దమ్మా, మేడమ్‌గారు పక్కన కూర్చుంటే గానీ ముద్ద దిగట్లేదు" అన్నాడట. వాడిది వాగుడా, నిజమా? మీరే రాయండి. ఒట్టిగా అడిగాను, నాకేం బాధ లేదు. పెళ్ళినాటి మీ ఫోటో తుడుస్తుంటే గాజు పగిలింది. అది కూడా ఒట్టిగానే.

మీ మైకమ్మ

*

ప్రియమైన మైకమ్మకి,

ఫోటో గాజు నేనొచ్చి వేయిస్తాను. నువ్వు గాజుముక్కలు ఎత్తేటప్పుడు చెయ్యి కోసుకోలేదు కదా?

బక్కోడి నోటికి తాళం వేయాలి. ఆవిడ భోజనాల దగ్గర నా పక్కన కూర్చునే మాట నిజమే. కుడిపక్క కుర్చీ ఆవిడకని వదిలేస్తాను, అదొక అలవాటైంది. మాట్లాడేదంతా పనే. ఈ వారం మెట్ల దగ్గర చిక్కొచ్చింది. అక్కడ గోడకి నున్నటి పలకలు అతికించారు. బిళ్ళ చేసే చప్పుడు దానికి తగిలి వెనక్కొచ్చి, రెండు దారుల్లో పెట్టెని చేరుతోంది. తెర మీద నేను మెట్ల మీదుంటే పక్కగదిలో ఉన్నట్టు చూపిస్తోంది. వేడిగాలిలో చప్పుడు త్వరగా నడుస్తుందట, అదీ లెక్కలో కలపాలి. ఇవి సరిచేయడానికి నన్ను పదిసార్లు మెట్లెక్కించి దింపింది. "మీరు కాకపోతే ఇంకెవరూ ఇంత ఓపిగ్గా నా మాట వినరు" అంటుంది. నేను ఆవిడ కొలబద్దని, అంతే.

నెలాఖరున కుటుంబాలు రావచ్చని నోటీసు పెట్టారు. నువ్వు రాకు. బోలెడు దుమ్ము, పొగ, నీ గొంతు పాడవుతుంది. ఆ రోజు నాకు పరీక్ష కూడా ఉంటుంది, తీరిక దొరకదు. అమ్మని ఒంటరిగా వదలడం కూడా మంచిది కాదు.

కోపగించుకోకు.

నీ మసిబాబు

*

మహారాజశ్రీ అగ్నిమాపక దళం వారి దివ్య సముఖానికి,

వద్దన్నారు కాబట్టే వచ్చాను. రమ్మని ఉంటే అత్తయ్య మోకాలి పేరు చెప్పి మానేసేదాన్నేమో.

మీ మైదానం చూశాను. దుమ్ము ఎక్కడా లేదు, శుభ్రంగా నీళ్ళు చల్లారు. కుటుంబాల కోసం కంచె పక్కన బల్లలు వేశారు. కొందరి పిల్లలు నాన్నల టోపీలు పెట్టుకుని ఆడుకుంటున్నారు. నేను ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మీకిష్టమని జడ వదులుగా వేసుకుని, కంచె పట్టుకుని నిలబడ్డాను. మీరు నీళ్ళబండి దాటి అవతలికి నడుస్తున్నారు. "ఏమండీ!" అని పిలిచాను. నా గొంతు సంగతి తెలుసుగా, మైకు పాడైన రోజు కూడా బస్టాండు మొత్తానికి వినపడుతుంది. బల్లల మీదున్న ఆడవాళ్ళందరూ తిరిగి చూశారు.

మీరు ఆగారు. అంటే వినపడింది. నీళ్ళబండి వైపు చూశారు. గోడ వైపు చూశారు. ఆకాశంలోకి కూడా చూశారు. నా వైపు మాత్రం చూడలేదు. మళ్ళీ పిలిచాను. వెన్ను చూపించి నిలబడ్డారు.

అప్పుడొచ్చింది ఆవిడ. కత్తిరించిన జుట్టు, మెడలో ఇయర్‌ఫోన్లు, నాకన్నా పొడుగు. వచ్చి మీ ఎడమ భుజం మీద చెయ్యి వేసింది, చుట్టూ తిరిగి కుడిపక్కకొచ్చి చెవి దగ్గర ఏదో చెప్పింది. మీరు నవ్వారు. ఆ నవ్వు నేను చూసి ఎన్నాళ్ళయిందో! ఇద్దరూ కలిసి ఆ పొగ ఇంట్లోకి వెళ్ళారు.

నేను బస్సెక్కి వచ్చేశాను. దారంతా ఆవిడ చెయ్యే కనపడింది. చెవి దగ్గర అంత నెమ్మదిగా మాట్లాడే హక్కు నాదొక్కదానిదే అనుకున్నాను. మీరు ఇంట్లో నా మాట విననప్పుడు కూడా, ఇంకెవరి మాటా వినరులే అని ఓర్చుకున్నాను. అదీ పోయింది.

జవాబు రాయకపోయినా పరవాలేదు.

(ఇక్కడ సంతకం పెట్టాలనిపించలేదు)

*

ప్రియమైన మైకమ్మకి,

నీ ఉత్తరం చదివాను. నీ పిలుపు విన్నాను. రెండుసార్లూ విన్నాను. నువ్వు నాకు కనపడలేదు. అమ్మ మీద ఒట్టు. నీ మీద బెంగతో నా చెవులు నన్ను మోసం చేస్తున్నాయనుకున్నాను.

ఆవిడకీ నాకూ మధ్య నువ్వనుకునేదేమీ లేదు. ఇంకేదైనా ఉందా అంటే, అది ఉత్తరంలో రాసేది కాదు. ఈ పరీక్షలు గట్టెక్కాక చెప్తాను. అప్పటిదాకా నన్ను అడక్కు.

శనివారం సెలవు దొరికింది. వస్తున్నాను. తలుపు తియ్యవా?

నీ మసిబాబు

*

ఏమండీ,

మీరు బస్సెక్కి వెళ్ళిన సాయంత్రమే ఇది రాస్తున్నాను. ఎదురుగా ఉన్నప్పుడు ఎందుకు చెప్పలేదంటారేమో. ఎదురుగా ఉంటే ఏడ్చేసేదాన్ని. ఏడిస్తే మీరు నవ్వించేవారు. మాట అక్కడితో పోయేది.

తలుపు తీశాను కానీ మాట్లాడలేదు. మీరు ఫోటోకి గాజు వేయించుకొచ్చారు, కారే కుళాయి బాగుచేశారు, అత్తయ్య మోకాలికి కాపడం పెట్టారు. అలిగిన పెళ్ళాం నోరు మూసుకుంటే మొగుడికి హాయే కదా అని లోపల ఉడికిపోయాను.

భోజనానికి కూర్చున్నాం. అత్తయ్య కాలు చాపుకోవడానికి వీలుంటుందని నా కుర్చీలో కూర్చుంది. అందుకని నేను మీ ఎడమపక్కకొచ్చాను. కడుపుమంట ఆగక, పళ్ళెంలోకి చూస్తూ అన్నాను: "ఆవిడ దగ్గరే ఉండిపోండి. నేను వెళ్ళిపోతాను."

గట్టిగా కాదు. అలాగని గొణుక్కోనూ లేదు. బల్లకి అటుపక్కనున్న అత్తయ్యకి వినపడి చెయ్యి ఆగిపోయింది. మీరు ఇంకో ముద్ద తిని, నా వైపు తిరిగి, ప్రేమగా నవ్వి, "కూరలో ఉప్పు సరిగ్గా కుదిరింది" అన్నారు.

ఒక్క క్షణం ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఎంత నిర్లక్ష్యం అనుకున్నాను. అంతలో అత్తయ్య మొహం చూశాను. ఆవిడ నన్ను చూడట్లేదు. మిమ్మల్ని చూస్తోంది. ఆ మొహంలో రంగు లేదు.

భోజనాలయ్యాక మీరు పేపరు చదువుతుంటే మీ వెనక ఎడమపక్క నిలబడి గ్లాసు మీద చెంచాతో నెమ్మదిగా కొట్టాను. కదల్లేదు. గట్టిగా కొట్టాను. తలెత్తి వీధి వైపు చూశారు. కుడిపక్కకొచ్చి నెమ్మదిగా కొట్టాను. "ఏంటే?" అన్నారు. నేను గ్లాసు కడగడానికి వెళ్తున్నట్టు వెళ్ళిపోయాను. వంటింట్లో అత్తయ్య గోడకానుకుని కూర్చుని ఉంది. "నేను కన్నవాణ్ణి, నాకు తెలియలేదే" అంది. "కట్టుకున్నదాన్ని, నాకూ తెలియలేదు" అన్నాను.

నిరుడు చలికాలం ఆ హోటల్ మంటల్లో మీ పక్కనే సిలిండర్ పేలింది. "రెండ్రోజులు గుయ్‌మంది, పోయింది" అన్నారు. పోయింది ఆ మోత కాదు, చెవి. ఒక చెవి పోతే చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియదని మన పక్కింటి నర్సుగారిని అడిగి తెలుసుకున్నాను. రెండు చెవులూ కలిస్తేనే దిక్కు తెలుస్తుందట. నేను కంచె దగ్గర్నుంచి పిలిస్తే మీరు ఆకాశంలోకి చూసింది అందుకే. నేనేమో అన్నాళ్ళూ మీ మనసు ఎటుపోయిందా అని వెతుక్కున్నాను.

ఇది తెలిసి నా మంట చల్లారిందనుకోకండి. ఆవిడకి తెలుసు. అందుకే కుడిపక్కన కూర్చుంటుంది. భుజం తట్టి, చుట్టూ తిరిగొచ్చి మాట్లాడుతుంది. ఆవిడ మీ ప్రియురాలైనా నాకు ఇంత మండేది కాదేమో. మీ ఒంట్లో ఒక తలుపు మూసుకుపోతే దాని తాళంచెవి నాకివ్వకుండా ఆవిడ చేతిలో పెట్టారు.

కానీ ఒక్క మాట అడుగుతాను. మీ భుజానికి బిళ్ళ ఉంది, మీరెక్కడున్నారో ఆవిడకి తెలుస్తుంది. లోపల చిక్కుకున్న మనిషికి బిళ్ళ ఉండదు. ఒక పిల్లో, ముసలాయనో, పొగలోంచి అరుస్తారు. మీరు ఎటు తిరుగుతారు? ఆవిడ ఏమని చెప్తుంది?

ఆవిడ దాచింది. నేను దాచను. ఈ ఉత్తరం అందగానే మీ పెద్దాఫీసరుగారికి చెప్పండి. చెప్పకపోతే నేనొచ్చి మీ గేటు దగ్గర నిలబడి చెప్తాను, మైకు లేకుండా. మంటల్లోకి వెళ్ళడమే మీ ప్రాణమని నాకు తెలుసు. దాన్ని నా చేత్తో తీసేస్తున్నానని కూడా తెలుసు. అసూయతో చేస్తున్నానని మీరనొచ్చు. అసూయ కూడా ఉంది. అది లేకపోతే మిమ్మల్ని అంత దగ్గర్నుంచి, అంత గుచ్చి గుచ్చి చూసేదాన్నే కాదు.

మీ మైకమ్మ

*

ప్రియమైన మైకమ్మకి,

ఇన్నాళ్ళు జవాబు రాయనందుకు నువ్వు ఎన్ని తిట్టుకుని ఉంటావో ఊహించగలను. మొదట నేను నిన్ను తిట్టుకున్నాను. ఉత్తరం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, వెళ్ళి పరీక్షకి నిలబడ్డాను. ఎప్పట్లాగే అందరికన్నా ముందు బయటపడ్డాను. ఎప్పట్లాగే చప్పట్లు కొట్టారు. ఈసారి ఆ చప్పట్లు కుడిపక్క నుంచే వినపడుతున్నాయని గమనించాను.

భోజనాల దగ్గర ఆవిడతో అన్నాను, "మా ఆవిడకి తెలిసిపోయింది. పిల్లో ముసలాయనో అరిస్తే ఎటు తిరుగుతారని అడుగుతోంది."

ఆవిడ చేతిలో గ్లాసు కింద పెట్టింది. "మీ చెవి సంగతి తెలిసిన మొదటి వారమే ఆ మాట నేనడగాల్సింది" అంది.

"నామీద జాలిపడి అడగలేదు, నాకు తెలుసు" అన్నాను.

"జాలి కాదండీ. మీరు నన్ను మరీ మంచిదాన్ని చేయకండి" అంది. "మిగతావాళ్ళు పొగలో ఏదో చప్పుడు విని, తమ చెవుల్ని నమ్ముకుని, నేను చెప్పిన దారి వదిలేస్తారు. మీకు ఆ చెవులు లేవు కాబట్టి నేను చెప్పింది చెప్పినట్టు నడుస్తారు. నా పద్ధతి బాగా పనిచేస్తోందని పైవాళ్ళకి చూపించడానికి మీకన్నా మంచి మనిషి దొరకడు. అందుకని నోరు మూసుకున్నాను."

చూశావా! నువ్వేమో అది వలపనుకున్నావు. నేనేమో స్నేహమనుకున్నాను. నేను నా ఉద్యోగం కాపాడుకున్నాను, ఆవిడ తన పెట్టెల్ని కాపాడుకుంది. నా చెవిలో అంత మెత్తగా మాట్లాడినంత కాలం మేమిద్దరం ఎవరి లాభం వాళ్ళం చూసుకున్నాం.

ఇద్దరం కలిసే పెద్దాఫీసరు గదికి వెళ్ళాం. ఆయన అరవలేదు, అరిస్తే బాగుండేది. డాక్టరు నన్నొక అద్దాల గదిలో కూర్చోబెట్టి చప్పుళ్ళు వినిపించాడు. ఎడమ చెవి నరం చచ్చిపోయిందట, ఇక రాదట. మంటల్లోకి వెళ్ళేవాళ్ళ జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. ఆవిడకి మందలింపు కాగితం వచ్చింది. నేను పాల్గొన్న పరీక్షలేవీ చెల్లవని, అన్నీ మళ్ళీ మొదట్నుంచి చేయమన్నారు. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి, కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టేసింది.

నా జాకెట్టూ, బిళ్ళా బక్కోడికిచ్చారు. వాడు నా ముందే తొడుక్కున్నాడు. భుజాల దగ్గర వదులైతే పట్టీలు బిగించుకున్నాడు. "అన్నా, నీ చెమట వాసనే వస్తోంది" అని నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. వాణ్ణి చిన్న తమ్ముడిలా చూసుకున్నాను, నీకు తెలుసు. ఆ క్షణంలో మాత్రం వాడి కాలు విరిగితే బాగుండుననిపించింది. నీ ఉత్తరాల్లో ఉన్నదేంటో నాకప్పుడు ఒంటికి తెలిసింది. చదివినప్పుడు నవ్వుకున్నాను, క్షమించు.

మర్నాడు ఆవిడే పెద్దాఫీసరుతో మాట్లాడింది. తెర ముందు కూర్చోవడానికి రెండో మనిషి కావాలి, లోపల ఎలా ఉంటుందో తెలిసినవాడైతే మేలు, దానికి ఒక చెవి చాలు అని. ఒప్పుకున్నారు. నిన్న మొదటిసారి నన్ను కూర్చోబెట్టి ఆవిడ వెనక నిలబడింది.

పొగ బాగా పట్టించారు. బక్కోడి చుక్క రెండో అంతస్తులో ఆగిపోయింది. మూలగది ముందు, నేను వందసార్లు నిలబడిన చోట. వాడి ఊపిరి నా చెవిలో బుసకొడుతోంది.

"అన్నా, నేనెక్కడున్నాను?" అన్నాడు.

నా చోట్లో ఉన్నావురా అనబోయాను. మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"మెట్లకి దగ్గర్లోనే ఉన్నావు. కంగారుపడకు. కుడిచెయ్యి చాపు, గోడ తగులుతుంది. అది వదలకుండా నడువు. నేను చూస్తున్నాను" అన్నాను.

నడిచాడు. బయటికొచ్చాక నేల మీద కూలబడి, మాస్కు లాగేసి, నేనున్న బండి వైపు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఊపడానికి కాస్త సమయం పట్టింది.

నీ మసిబాబు